మూడు చుక్కల రింగు

వర్క్‌షాపు మేడమీద గది
ఫిబ్రవరి 11

అక్కా,

ముందే చెబుతున్నా, ఈ ఉత్తరం నిండా తిట్లే. ఫోనులో తిడితే నువ్వు పెట్టేస్తావు. చిన్నప్పుడు మనిద్దరం కొట్టుకుంటే అమ్మ చెరో కాగితం చేతిలో పెట్టి, "మీ ఏడుపేదో దీనిమీద ఏడవండి, నా చెవి దగ్గర కాదు" అనేది కదా. అమ్మ పోయినా ఆ పద్ధతి మంచిదే. గోడలకైనా చెవులుంటాయి గానీ కాగితానికి ఉండవు.

మా సరుకు మీ రేవులో ఏడు వారాలుగా పడి ఉంది. పన్నెండు చెక్కపెట్టెలు. పాల డెయిరీలో వెన్న తీసే యంత్రాలకి వేసే ఉక్కు రింగులు. ఆర్నెల్లు లేత్ ముందు నిలబడి నేనొక్కణ్ణే తీసినవి. అవేం పండ్లు కావు కుళ్ళిపోవడానికి, నిజమే. ఇక్కడ మనుషులే కుళ్ళిపోతున్నారు. రెండు షిఫ్టులు ఒకటయ్యాయి. నిన్న పొట్టి వెల్డరుని పిలిచి "నేను కబురు పెట్టినప్పుడు వద్దువుగాని నాన్నా" అన్నాడు ఓనరు. ఎంత తీయగా అన్నాడంటే, వాడు దండం పెట్టి మరీ ఇంటికెళ్ళాడు. ఊరికే పెట్టామా ఆయనకి తేనెసీసా అని పేరు?

ఎందుకాగింది అంటే, కొత్త చట్టమట. ఆంక్షలట. సామూహిక మారణాయుధాలు దేశం నుంచి దేశానికి పాకకుండా ఆపుతుందట. ఆ కాగితాలు షాపు గోడకి అంటించాడు తేనెసీసా. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం చదివా. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు చదువుతాడని అది రాసినవాడు అనుకుని ఉండడు. పదకొండు పేజీల్లో "అయినప్పటికీ" అనే మాట ముప్పైనాలుగు సార్లుంది. పనివాడు అనే మాట ఒక్కసారి కూడా లేదు.

వెన్నకీ బాంబుకీ ఏమిటి సంబంధం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? గోదాముల నిండా బాంబులు పేర్చుకున్నవాణ్ణి ఎవడూ ఏమీ అడగడు. లేత్ మీద బతికేవాడి పెట్టె మాత్రం మూత తీసి చూస్తారు.

నువ్వు ఆ తనిఖీ ఆఫీసులోనే కదా కూర్చుంటావు. ఎవడి బల్ల మీద ఆగిందో కనుక్కో. పేరు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా.

మేస్త్రీ పోయి ఏడు నెలలైంది. ఆయన స్టూలు మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. నాకు పని నేర్పే రోజుల్లో ఆయన మొదటిసారి "పరవాలేదురా" అన్న రింగు నీకిచ్చాను గుర్తుందా, పేపర్‌వెయిట్‌గా పెట్టుకుంటానన్నావు. వాడుతున్నావా, తుప్పు పట్టించావా?

ఇంకో మాట. కవరు మీద "చీమ" అని రాయకు. లోపల రాసుకో, చస్తానా. చక్కెర డబ్బాలో దొరికానని అమ్మ పెట్టిన ఆ పేరు ఇప్పుడు భూమ్మీద నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పోయినసారి కవరు పొట్టి వెల్డరుకి దొరికేలోపే నేను అందుకున్నాను కాబట్టి పరువు దక్కింది.

— తమ్ముడు


రేవు తనిఖీ కార్యాలయం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 24

చీమకి,

నీ తిట్లు అందాయి. ఎప్పటిలాగే అక్షరదోషాలు లేవు.

ఆ పెట్టెల విభాగం నాది కాదు. అడిగి చూస్తాను. నువ్వు చట్టం చదివావు గానీ వెనక జతచేసిన పట్టిక చదివినట్టు లేదు. కొన్ని రకాల ఉక్కుతో, కొంత కొలతకి మించి కచ్చితంగా చేసిన వస్తువు సరిహద్దు దాటాలంటే, దాన్ని చివరికి ఎవరు, దేనికి వాడతారో రాసిచ్చిన పత్రం ఉండాలి. ఆ పత్రం నిజమా కాదా అని మేం చూడాలి. వెన్నకైతే వెళ్ళిపోతుంది. అంతకంటే ఏమీ లేదు.

డ్రాయింగు మీకు ఎవరిచ్చారు? కొలత ఎంత? మేస్త్రీగారి ముద్ర ఆయన తర్వాత నువ్వే వేస్తున్నావా? ఊరికే అడిగాను.

వేళకి తిను. ఇక్కడ ఫ్యాను గాలికి కాగితాలన్నీ ఎగిరిపోతున్నాయి. ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

— అక్క


వర్క్‌షాపు మేడమీద గది
మార్చి 5

అక్కా,

కొలత అడిగావు. చెబుతా, పడిపోకుండా గోడ పట్టుకో. ఒక వెంట్రుక తీసుకో. నిలువునా ఇరవై ముక్కలుగా చీల్చు. అందులో ఒక్క ముక్క. రింగుకీ రింగుకీ మధ్య అంతకంటే తేడా రాకూడదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఉక్కు ఒక కొలత చెబుతుంది, మధ్యాహ్నం ఉబ్బి ఇంకో కొలత చెబుతుంది. అందుకని కిటికీలు మూసేసి, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలి కొలిచేవాణ్ణి. మొదటి నెలలో నూటికి అరవై పారేశాను. ఆఖరి నెలలో మూడే. ఇంత పని ఈ ఊళ్ళో ఇంకెవడి చేతుల్లోనూ లేదు. గొప్ప కాదు, నిజం. నా జన్మలో నన్ను చూసి అడిగిన మొదటి పని ఇది. మిగతావన్నీ ఎవడైనా చేసే బోల్టులూ బుష్షులూ.

డ్రాయింగు తేనెసీసా తెచ్చాడు. కుడివైపు కింది మూల, కంపెనీ పేరుండే గడి కత్తిరించేసి ఉంది. "ఎలుక కొరికింది నాన్నా" అన్నాడు. మా షాపులో ఎలుకలు కత్తెర పట్టుకుని తిరుగుతాయి మరి.

ముద్ర వేశాను. వెయ్యనా? ప్రతి రింగుకీ, లోపలి అంచు మీద, చివరి సానకి ముందే, కొలత చెడకుండా. వేలితో తడిమితే తప్ప తెలియని మూడు చుక్కలు. మేస్త్రీ చెప్పిన శాస్త్రం ఒక్కటే: "ఓనరు పేరు బోర్డు మీద ఉంటుంది. పనివాడి పేరు పనిలో ఉండాలి." ఆ చుక్కలు కొట్టే పంచ్ ఆయనకి ఆయన గురువిచ్చింది. ఆయన నాకిచ్చాడు. ఆయన వేసినా అవే మూడు చుక్కలు, నేను వేసినా అవే. అయినా నాది నాకు తెలుస్తుంది.

ఇంతకీ ఎవడి బల్ల? కనుక్కున్నావా? కత్తిపోటు జరిగిన ప్రతిచోటా కమ్మరినే పట్టుకుంటామంటే ఇక లోకంలో కొడవలి కూడా మిగలదని చెప్పు వాడికి. గ్రైండింగు చేసేవాణ్ణి కూడా పంపేశారు. షాపులో ఇప్పుడు నేనూ, తేనెసీసా, ఎలుకలూ.

కాగితాలు ఎగిరిపోవడమేంటి? కిలో బరువున్న రింగు ఇచ్చాను కదా. ఏం చేశావు దాన్ని? అమ్ముకున్నావా?

— తమ్ముడు


రేవు వెనక వీధి, నా గది
మార్చి 20

చీమకి,

ఈ ఉత్తరం ఆఫీసులో రాయడం లేదు.

పోయిన ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. ఆ విభాగం నాదే. ఆ బల్ల నాదే. నువ్వు పేరు కనుక్కోమన్న మనిషిని నేనే.

జనవరి ఇరవైన మొదటి పెట్టె తెరిపించాను. నూనె కాగితంలో చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని లోపలి అంచు తడిమాను. అది అలవాటు. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు నీ పేపర్‌వెయిట్ లోపల బొటనవేలు తిప్పుతుంటాను. మూడు చుక్కలు తగిలాయి. నా బల్ల దగ్గరికి వచ్చి, పేపర్‌వెయిట్ సొరుగులో పెట్టి, దాని కింద ఫైలు పెట్టి తాళం వేశాను. రెండు నెలలైంది. పైవాళ్ళకి ఒక్క ముక్క రాయలేదు. రాయకపోవడం నా ఉద్యోగంలో నేరం.

పత్రంలో ఉన్న డెయిరీకి ఫోను చేశాను. మోగుతూనే ఉంది. అక్కడున్న మా మనిషిని పంపాను. ఒక షట్టరు గది, రెండు విరిగిన కుర్చీలు. పక్కన సైకిలు షాపాయన్ని అడిగితే, "పాలా? నా టీకే వీధి చివరికి పోవాలి" అన్నాడట.

గిర్రున తిరిగే యంత్రంలో పాల నుంచి వెన్న విడిపోతుంది. అలాగే, దానికి వందరెట్లు వేగంగా తిరిగే గొట్టాల్లో బాంబుకి కావలసిన సరుకు విడిపోతుంది. నీ కొలత రెండోదానికి కావాలి. మొదటిదానికి అక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకొక ఫోటో చూపించారు. బాంబుది కాదు, విషవాయువుది. ఏ ఊరో చెప్పలేదు. ఒక బడి వరండా. గోడ వారగా పిల్లల నీళ్ళ సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్క సీసా కూడా దొర్లలేదు, ఒక్క అద్దమూ పగల్లేదు. పిల్లలే లేరు. నువ్వు మాటలు లెక్కపెట్టిన ఆ పదకొండు పేజీలూ ఆ వరండా కోసం రాసినవి.

తెలిసి చేసినవాడికి జైలు. తెలియక చేసినవాడికి విచారణ. అందుకని ఒక్కటే అడుగుతున్నాను, అక్కగా. నీకు తెలుసా?

— అక్క


వర్క్‌షాపు
మార్చి 26

అక్కవా, ఆఫీసరువా? ముందు అది తేల్చుకుని రాయి.

ఫైలు సొరుగులో పెట్టుకుని నా తిట్లు చదువుకుంటూ కూర్చున్నావా? "డ్రాయింగు ఎవరిచ్చారు, కొలత ఎంత, ఊరికే అడిగాను" అంటూ? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నేనేమో వెర్రివెధవలా వెంట్రుకల లెక్కలు చెప్పాను నీకు.

నాకేం తెలుసు? డ్రాయింగిచ్చారు, తీశాను. రోడ్డు వేసినవాణ్ణి ఆ రోడ్డు మీద ఎవడు పోతున్నాడని అడుగుతారా?

కోపం పట్టలేక తేనెసీసా మొహం మీదే అరిచేశాను, "మూల కొరికిన ఎలుక పేరేంటి చెప్పు" అని. రింగుల మీద చుక్కలు రేవులో దొరికాయని కూడా అనేశాను. ఆయన కోప్పడలేదు. తలుపు వేసి, టీ తెప్పించి, చెయ్యి నా భుజం మీద వేశాడు. "ఆ చుక్కలు మేస్త్రీవే కదా నాన్నా. ఆయన ఉండగానే పని మొత్తం అయిపోయిందని రాసివ్వు. ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరు. పోయినవాణ్ణి ఏ చట్టం పట్టుకుంటుంది? నువ్వు నేల ఊడ్చేవాడివని నేను రాసిస్తా."

ఊడ్చేవాణ్ణట! నేను!

— నీకేమవుతానో నువ్వే రాసుకో


నా గది
ఏప్రిల్ 2

చీమకి,

ఆయన చెప్పినట్టే రాయి.

ఈ మాట రాయడానికి ఆరు రోజులు పట్టింది. చదివి చించెయ్యి. సరుకు ఎలాగూ వెళ్ళదు, నేను వెళ్ళనివ్వను. ఆ వరండాకి నా వంతు నేను చేసినట్టే. ఇక మిగిలింది కాగితం మీద ఒక పేరు. ఆ గడిలో నీ పేరు బదులు పోయినవాళ్ళ పేరుంటే ఎవరికీ నొప్పి ఉండదు. మేస్త్రీగారైనా కాదనరు. నిన్ను కొడుకులా చూశారు. ఆ ముద్ర ఆయనదేనని నువ్వు రాసిస్తే నేను ఫైలులో పెట్టి పైకి పంపుతాను. ఎవరూ మళ్ళీ తెరవరు.

నిన్ను అడిగిన ప్రశ్నకి జవాబు రాయలేదు నువ్వు. ఇక రాయకు. నాకు తెలియకపోవడమే మంచిది.

— అక్క


వర్క్‌షాపు మేడమీద గది, ఆఖరిసారి
ఏప్రిల్ 19

అక్కా,

చించలేదు. నీ ఉత్తరాలేవీ ఇంతవరకు చించలేదు, ఇదీ చించను.

జవాబు రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నా. చిన్నప్పట్నుంచీ నువ్వు వద్దన్నదే కదా చేసింది.

తెలుసు.

బాంబని తెలియదు. కానీ వెన్నకి కాదని తెలుసు. డ్రాయింగు బల్ల మీద పరిచిన మొదటి గంటలోనే తెలుసు. వెన్నకి ఇంత కొలత ఎందుకు? పైగా నేనొక్కణ్ణే కాదు. మేస్త్రీకీ తెలుసు.

అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి, పని మానేసి స్టూలు మీద కూర్చుని చూసేవాడు. నా మొదటి రింగు కొలతకి సరిగ్గా వచ్చిన రోజు పరుగెత్తుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. వెలుతురు వైపు తిప్పి చూశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "బాగా తీశావు" అన్నాడు. పరవాలేదు అని కాదు, బాగా తీశావు అని. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. నా కాళ్ళు నేల మీద లేవు. వెంటనే రింగు బల్ల మీద పెట్టేసి, "ఇది వెన్నకి కాదురా. దీనికి ముద్ర వెయ్యకు" అన్నాడు.

"ఎందుకు వెయ్యకూడదు?" అన్నాను.

"ఎవరి ఇంటికి పోతోందో తెలియని దానిమీద పేరు వెయ్యకూడదు."

"నీ చెయ్యి పోయిందని నీకు కడుపుమంట" అన్నాను.

అక్కా, అన్నాను ఆ మాట. అందరి ముందు అన్నాను. ఆయన లేచి, నా వైపు చూడకుండా, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ షాపుకి రాలేదు. మూడు వారాలకి పోయాడు. ఆ మూడు వారాల్లో ఆయన ఇంటికి వెళ్ళడానికి నాకు నడక పది నిమిషాలు. వెళ్ళలేదు. రింగులు తీస్తున్నాను. ఒక్కో రింగుకీ చుక్కలు కొడుతుంటే, చూడు, వేశాను చూడు అని ఆయనతో పోట్లాడుతున్నట్టే ఉండేది.

ఇప్పుడు ఆ చుక్కలు ఆయనవని రాయాలా? వెయ్యొద్దన్న ఒక్కగానొక్క మనిషి పేరు మీద?

నువ్వు చెప్పిన వరండా గురించి ఆలోచించాను. నాకు ఏడుపు రాలేదు, అబద్ధం చెప్పను. నాకు వచ్చింది వేరే. ఆ సీసాలు చేసినవాడు కూడా ఎవడో ఉంటాడు, మూత సరిగ్గా బిగిసేలా మర తీసినవాడు. వాడి పని పిల్లల దగ్గరికి పోయింది. నా పని ఎటు పోతోంది? చట్టం మీద నాకు ఇప్పటికీ మంటే. గోదాములవాళ్ళని అడగదు, నన్ను అడుగుతుంది. కానీ అడిగింది తప్పు ప్రశ్న కాదు. మేస్త్రీ అడిగినదే అడిగింది. ఎవరి ఇంటికి పోతోందిరా అని.

నిన్న విచారణ ఆఫీసుకి వెళ్ళి రాసిచ్చి వచ్చాను. ముద్ర నాది, చెయ్యి నాది, వెన్నకి కాదని తెలుసు. కళ్ళజోడు ఆఫీసరు ఒకాయన మూడుసార్లు చదివించుకున్నాడు. "ఎవరైనా బలవంతం చేశారా?" అన్నాడు. లేదు, బలవంతం చేసింది రాయొద్దనే అన్నాను. ఎవరని అడిగితే తేనెసీసా పేరు ఒక్కటే చెప్పాను.

పంచ్ వాళ్ళు తీసుకున్నారు. రసీదిచ్చారు.

— తమ్ముడు


నా గది
జూన్ 30

చీమకి,

నన్ను బల్ల మీద నుంచి లేపేశారు. మూడు నెలలు ఫైలు ఎందుకు ఆపానో చెప్పమన్నారు. చెప్పాను. పేపర్‌వెయిట్ కూడా తీసుకెళ్ళారు, కవరులో పెట్టి పైన నంబరు వేసి. ఇప్పుడు దరఖాస్తులు టైపు చేసిపెట్టే కొట్లో కూర్చుంటున్నాను. పని కష్టమేమీ కాదు.

నీకు జైలు ఉండకపోవచ్చంటున్నారు. అంతకంటే ఏమీ తెలియదు. అన్నం మానేస్తున్నావని నాకు తెలుసు, నువ్వు చెప్పకపోయినా.

— అక్క


లాండ్రీ వెనక గది
అక్టోబరు 14

అక్కా,

ఆంక్షల జాబితా వచ్చింది, నా పేరుతో సహా. వచ్చిందని బ్యాంకులో తెలిసింది. కార్డు గీస్తే పని చెయ్యలేదు. కౌంటరులో అమ్మాయి తెర వైపు చూసి, నా వైపు చూసి, కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకుంది. ఏదో అంటుకునే జబ్బులాగా.

అయిదు షాపులు తిరిగాను. ఎవరూ లేత్ దగ్గరికి రానివ్వలేదు. నాకు పనిస్తే వాళ్ళూ జాబితాలోకి వస్తారట. పాత సామాన్ల కొట్లో మైక్రోమీటరు కొనబోతే, ఎనిమిదేళ్ళ నుంచి తెలిసినాయన, "నీకు సుత్తి అమ్మాలన్నా భయంగా ఉంది తమ్ముడూ" అన్నాడు. ఇక్కడ లాండ్రీలో తడిబట్టలు మోస్తున్నాను. దుప్పటి కొలత ఎంత ఉన్నా దుప్పటే.

జాబితా తెచ్చుకుని చదివా. నిఘంటువు అక్కర్లేకపోయింది, అన్నీ పేర్లే. ఓడలు, కంపెనీలు, సైన్యాధికారులు. నా పైన ఒక ఓడ, కింద ఒక బ్యాంకు, మధ్యలో నేను. పేరు, పుట్టిన తేదీ, వృత్తి. నాలుగో గడిలో, మారుపేరు: చీమ.

ఆ గడి మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను.

ఆ కళ్ళజోడు ఆఫీసరు "ఇంకేమైనా పేర్లున్నాయా నీకు" అని అడిగాడు. లేవన్నాను. షాపులో ఎవరికీ తెలియదు. మేస్త్రీకి తెలియదు. అమ్మ వచ్చి చెప్పి ఉండదు.

నా ఉత్తరాలిచ్చేశావు. ఆఫీసు అలవాటుకొద్దీ నువ్వు దాచుకునే నీ ఉత్తరాల నకళ్ళు కూడా. మేస్త్రీతో నేనన్న మాట, ఒక్క నీకు చెప్పుకున్న మాట, దానిమీద కూడా నంబరు వేసి ఉంటారు. కాగితానికి చెవులుండవని రాశానే, నా అంత మూర్ఖుడు లేడు. జూన్‌లో రాసినప్పుడు ఒక్క ముక్క అనలేదు నువ్వు. అన్నం తినమన్నావు.

మనింట్లో మిగిలిందే ఆ పేరు. దాన్ని తీసుకెళ్ళి ఓడకీ బ్యాంకుకీ మధ్య పెట్టావు.

ఇంక రాయకు.


టైపు కొట్టు
అక్టోబరు 25

చీమకి,

రాయొద్దన్నావు. నువ్వు కూడా నేను వద్దన్నది రాసినవాడివే.

ఇచ్చాను. నువ్వు రాసిచ్చిన మర్నాడు తేనెసీసా వచ్చి, అడ్డం తిరిగావని కక్షతో వేరే కథ రాసిచ్చాడు. బేరం నువ్వే తెచ్చావని, డ్రాయింగు మూల నువ్వే కత్తిరించావని, పట్టుబడతామని తెలిశాక అతని మీదకి తోస్తున్నావని. సాక్షులు లేరు. జైలు ఎనిమిదేళ్ళు అన్నారు. ఎలుక సంగతి నువ్వు మార్చిలోనే అక్కకి రాశావని చూపించడానికి నా దగ్గర ఉన్నవి నీ ఉత్తరాలే. నీకు నచ్చినవి ఉంచుకుని మిగతావి ఇవ్వండి అనరు కదా. మొదటి నుంచి చివరి దాకా ఇచ్చాను. "ఆయన చెప్పినట్టే రాయి" అని నేను రాసినది నువ్వు చించకుండా ఉంచావు. నా నకలు నేనూ చించలేదు. అది కూడా ఇచ్చాను. నా ఉద్యోగం పోయింది మూడు నెలల ఆలస్యానికి కాదు, ఆ ఒక్క వాక్యానికి.

కళ్ళజోడు ఆఫీసరు మొత్తం చదివి, "చీమ ఎవరు?" అన్నాడు. మా తమ్ముడు అన్నాను. రాసుకున్నాడు. అది గడిలోకి వెళుతుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. పదేళ్ళు అవే గడులు నింపినదాన్ని, నాకు తట్టలేదు.

జూన్‌లో చెప్పలేకపోయాను. భయపడ్డాను. చట్టానికి కాదు, నీకు.

— అక్క


లాండ్రీ వెనక గది
జనవరి 17

అక్కా,

మూడు నెలలు రాయలేదు. కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వే నమ్మవు.

రాయడానికి కారణం వేరే ఉంది. ఆదివారం పొట్టి వెల్డరు వచ్చాడు. జాబితావాడి గదికి వచ్చిన మొదటి మనిషి. కొత్త చొక్కా వేసుకున్నాడు. పనిలోకి పిలిచారట. పక్క వీధిలో కొత్త షాపు, కొత్త బోర్డు, ఓనరు తేనెసీసా బావమరిది. జాబితాలో ఉన్నది మూతపడ్డ మా పాత కంపెనీ పేరు. తేనెసీసా పేరు ఎక్కడా లేదు. సంతకం పెట్టినవాడు తప్పించుకున్నాడు, ముద్ర వేసినవాడు దొరికాడు.

వాడు చంకలోంచి ఒక చుట్ట తీసి నా మంచం మీద పరిచాడు. "కొత్తగా వచ్చిన టర్నరుకి ఇది చదవడం రావట్లేదురా. నువ్వు చదివి చెప్పు చాలు. ఇంట్లో కూర్చునే. నీ పేరు బయటికి రాదు" అన్నాడు.

"దేనికట?"

"ఈసారి వెన్న కాదురోయ్, మందుల ఫ్యాక్టరీ" అని నవ్వాడు.

కుడివైపు కింది మూల లేదు. ఈసారి ఎలుక స్కేలు పెట్టి మరీ తిన్నగా కొరికింది.

అక్కా, నిజం చెబుతున్నా. కొలత చదవగానే నా వేళ్ళు కదిలాయి. నెలల తరబడి తడిదుప్పట్లు పట్టుకున్న వేళ్ళు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పనిముట్టుతో, ఎన్నో సానకి సరిపోతుందో, మొత్తం కళ్ళముందు తిరిగింది. పోయినదానికంటే కష్టమైన పని. నేనే చెయ్యగలను. చెయ్యి దురద పెట్టింది. సిగ్గులేని చెయ్యి.

"ఎవరి ఇంటికి పోతోందిరా ఇది?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఎవరింటికైతే ఏంట్రా, నా ఇంటికి బియ్యం వస్తాయి. ఇద్దరు పిల్లలు నాకు" అన్నాడు. ఏడాది కిందట నేను నీకు రాసిన మాటే అది. చదివి చెప్పను అని డ్రాయింగు చుట్టి ఇచ్చేశాను. వాడు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

కానీ ఒకసారి చూసిన కొలత నేను మర్చిపోను. అన్నీ ఈ ఉత్తరం వెనక జతచేసిన కాగితం మీద గీసి పెట్టాను. షాపు వీధి, బోర్డు మీద పేరు, బావమరిది గుర్తులు, అన్నీ ఉన్నాయి. ఇది బయటికొస్తే పొట్టి వెల్డరు పని మళ్ళీ పోతుంది. వాడు నన్ను ద్రోహి అంటాడు. నేను నిన్ను అన్నట్టే. వాడి పిల్లల మొహం చూసి ఆగుదామనుకున్నాను. ఆ వరండాలో సీసాలు గుర్తొచ్చాయి. ఏడాది ఆలస్యంగా గుర్తొచ్చాయి, అయినా వచ్చాయి.

దీన్ని తీసుకెళ్ళి ఆ కళ్ళజోడు ఆఫీసరు చేతికియ్యి. గీసిన కాగితం ఒక్కటే కాదు, ఈ ఉత్తరం కూడా ఇచ్చెయ్యి, చెయ్యి దురద పెట్టిందన్న ముక్కతో సహా. ఈసారి నేను చెప్పి ఇప్పిస్తున్నాను.

ఎవరు పంపారని వాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా, కవరు మీద కూడా అదే పేరు రాశాను.

— చీమ